పరదేశ ప్రయాణమునకు ముందు టీకాలు

మన మెదకు పట్టణమున పరదేశముతో సంబంధము లేని వీథి నేడు వెదకినను గానరాదు. ఒక యింటి పెద్దకుమారుడు దుబాయిలో తాపీపని చేయుచున్నాడు. పొరుగింటి కుమార్తె నర్సు పరీక్షలో ఉత్తీర్ణురాలై మస్కటు ఆస్పత్రిలో కొలువు చేయుచున్నది. నిన్న మొన్నటి వఱకు మన పాఠశాల బల్లలమీద కూర్చున్న బాలుడు నేడు అమెరికాలో పైచదువు చదువుచున్నాడు. మహమ్మదీయ సోదరులలో కొందఱు హజ్ యాత్రకు పోవుచున్నారు. పూర్వము నెలల తరబడి సాగిన యానము నేడు గంటల పనియైనది. శంషాబాదులో విమానమెక్కినవాడు నాలుగు గంటలలో దుబాయిలో దిగుచున్నాడు.

ఇట్టి ప్రయాణమునకు మన యిండ్లలో జరుగు సన్నాహమును మేము పలుమాఱులు చూచియున్నాము. తల్లి సకినాలు చేయును. మామిడికాయ తొక్కును సీసాలో నింపి, నూనె కారకుండ గుడ్డ చుట్టును. తండ్రి పెట్టెను మరల మరల తూచును. పాసుపోర్టు, వీసా, టిక్కెట్టు ఒక సంచిలో భద్రపఱుపబడును. కాని పోవువాని శరీరము ఆ దేశమునకు సిద్ధమైనదా యని యడుగువారు అరుదు. ఈ వ్యాసమున మేము ఆ ప్రశ్ననే యెత్తుకొనుచున్నాము.

కొంతకాలము క్రిందట మన పూర్వవిద్యార్థి యొకడు ఆఫ్రికా ఖండములోని ఘానా దేశమున కొలువు దొరికినదని సంతోషముతో మా యొద్దకు వచ్చెను. ప్రయాణమునకు ఆఱు దినములే మిగిలియుండెను. పచ్చజ్వరపు టీకా వేయించుకొంటివా యని మేము అడిగితిమి. "రేపు పట్నము పోయి వేయించుకొందును, సార్" అని అతడు బదులు చెప్పెను. ఆ టీకా వేసిన పిదప పది దినములు గడచినగాని సర్టిఫికెటు చెల్లదని అతనికి ఎవరును చెప్పియుండలేదు. టిక్కెట్టు మార్చవలసివచ్చెను. తండ్రి అప్పుచేసి కట్టిన సొమ్ములో చాల భాగము పోయెను. కొలువు నిలిచినది గాని, ఆ రాత్రి ఆ యింట పొయ్యి రాజలేదు. మరియొక యింట అట్లు జరుగకుండుటకే మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పది దినము లేల?

విద్యార్థులు మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. టీకా తాయెత్తు వంటిది కాదు. కట్టిన క్షణముననే కాపాడునది కాదు. అది శరీరమునకు నేర్పబడు పాఠము. చంపబడిన రోగక్రిమిని గాని, బలము తగ్గింపబడిన క్రిమిని గాని, క్రిమిలోని యొక భాగమును గాని వైద్యుడు శరీరములోనికి బంపును. దానివలన రోగము రాదు. కాని మన రక్తములోని రక్షక కణములు ఆ శత్రువు రూపమును గుర్తెఱిగి, వానితో పోరాడుటకు తగిన ప్రతిరక్షకములను తయారుచేయ నేర్చుకొనును. ఈ నేర్పునకు దినములు పట్టును. కొన్ని టీకాలకు ఒక పాఠము చాలును. కొన్నింటికి రెండు మూడు పాఠములు, నడుమ వారములు, నెలలు విడిచి చెప్పవలసియుండును. పరీక్ష నాటి ఉదయమున పుస్తకము తెఱచు బాలుని గతి యెట్టిదో, ప్రయాణపు ముందునాడు టీకాకై పరుగెత్తువాని గతియు నట్టిదే.

ఈ విద్యకు మూలపురుషుడు ఎడ్వర్డు జెన్నరు అను ఇంగ్లీషు వైద్యుడు. ఆయన 1796 మే 14వ తేదీన, పాలు పిదుకు స్త్రీ చేతిమీది గోమశూచి పొక్కునుండి రసి తీసి, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలుని చేతిలో నెక్కించెను. తరువాత మశూచి రసినే యెక్కించి చూచినను బాలునికి ఆ వ్యాధి రాలేదు. లాటిను భాషలో ఆవునకు 'వక్కా' అని పేరు. వాక్సిను అను మాట దానినుండి పుట్టినదే. ఆఱేండ్లకు, అనగా 1802 జూన్ 14న, బొంబాయిలో మూడేండ్ల బాలికకు ఆ టీకా వేసిరి. మన దేశమున అదియే మొదటిది.

మశూచి యనగా మన పెద్దలకు ఎంత భయముండెనో తెలియవలెనన్న గ్రంథము చూడ నక్కఱలేదు. మన జిల్లాలో వేపచెట్టు క్రింద పోచమ్మ గుడి లేని గ్రామము అరుదు, అది చాలును. ఆ వ్యాధిని టీకాయే లోకమునుండి తుడిచివేసినది. సహజముగా మశూచి సోకిన కడపటి మనుష్యుడు 1977 అక్టోబరులో సోమాలియా దేశమున కనబడెను. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి నశించినదని ప్రకటించెను.

వ్యాధియు ప్రయాణికుడే

టీకా నాకు మాత్రమే సంబంధించినది, వేసికొన్న నాకు మేలు, మానిన నాకే కీడు అని తలంచువారు కలరు. ఇది పొరపాటని చరిత్ర చెప్పుచున్నది.

ఫిజీ ద్వీపముల రాజైన థాకొంబౌ సిడ్నీ నగరమునకు పోయి, 1875 జనవరిలో ఇల్లు చేరెను. ఆయన పరివారముతో కూడ తట్టు వ్యాధియు ఓడ దిగెను. ఆ ద్వీపవాసులు అంతకు ముందు ఆ వ్యాధి నెఱుగరు. రాజు వచ్చెనని దూర దూరములనుండి వచ్చిన జనులు దానిని తమ గ్రామములకు దీసికొనిపోయిరి. కొలది నెలలలో ఇంచుమించు 40,000 మంది మరణించిరి. పిమ్మట 1903 మొదలుకొని మన తెలుగువారును చెన్నపట్టణమున ఓడయెక్కి, ఆ ద్వీపముల చెఱకు తోటలకు కూలికై పోయిరి. 

అది టీకా లేని కాలమందురా? తట్టునకు 1963 నాటికే టీకా వచ్చినది. అయినను 2019లో సమోవా ద్వీపములలో టీకాలు పడని పిల్లలు పెక్కుమంది యుండగా, బయటినుండి వచ్చిన ప్రయాణము వెంట ఆ వ్యాధి ప్రవేశించి 83 మందిని బలిగొన్నది. వారిలో ఎక్కువమంది పసిబిడ్డలు.

1972లో యుగోస్లావియా దేశపు యాత్రికుడొకడు మక్కాకు పోయి ఇరాకు మీదుగా ఇల్లు చేరెను. వెంట మశూచి వచ్చెను. 175 మందికి సోకి 35 మంది మరణించిరి. దాని నాపుటకు ఆ ప్రభుత్వము ఇంచుమించు 1 కోటి 80 లక్షల మందికి టీకాలు వేయింపవలసివచ్చెను. ఒక్కని ప్రయాణమునకు ఒక దేశమంతయు మూల్యము చెల్లించెను.

మన సంగతియు మఱవరాదు. 2020 మార్చి 2వ తేదీన తెలంగాణమున మొట్టమొదటి కోవిడు రోగి కనబడెను. అతడు దుబాయి పోయి వచ్చిన యువకుడు. అందు అతని దోషము లేదు. అప్పటికి ఆ వ్యాధికి టీకాయే లేదు. కాని వ్యాధి ఎట్లు వచ్చునో ఆ దినమున మనమందఱము కన్నులార చూచితిమి. పాసుపోర్టు లేకయే ప్రయాణము చేయునది వ్యాధి యొక్కటే.

పచ్చజ్వరము

ఏ దేశమునకు ఏ టీకా యను విచారణలో మొదట చెప్పదగినది పచ్చజ్వరము. ఇది ఆఫ్రికా మధ్యభాగమునను, దక్షిణ అమెరికాలోను కలదు. రోగి కన్నులు, చర్మము పసుపువన్నె దాల్చును గనుక ఆ పేరు వచ్చెను. ఇది దోమవలన వచ్చునని క్యూబా వైద్యుడగు కార్లోసు ఫిన్లే 1881లోనే చెప్పెను, వినినవారు లేరు. 1900లో వాల్టరు రీడు నాయకత్వమున అమెరికా వైద్యులు హవానాలో పరీక్షలు జరిపి ఆ మాట నిజమని స్థాపించిరి. ఆ పరిశోధనలలో జెస్సీ లాజియరు అను వైద్యుడు తానే ఆ జ్వరము సోకి మరణించెను. 1937లో మాక్సు థైలరు టీకాను సిద్ధపఱచి, 1951లో నోబెలు బహుమానము పొందెను.

ఈ జ్వరము మన దేశమున లేదు గదా, మన ప్రభుత్వము దానికై యింత పట్టుదల యేల చూపుచున్నదని విద్యార్థులు అడుగవచ్చును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు చారల దోమయే పచ్చజ్వరమునకును వాహనము. ఆ దోమ మన యింటి తొట్లలో సమృద్ధిగా నున్నది. మన ప్రజల దేహములకు ఆ క్రిమి పరిచయమే లేదు. ఎండుగడ్డి సిద్ధముగా నున్నది, నిప్పురవ్వ మాత్రము రావలసియున్నది. 2016లో ఆఫ్రికాలోని అంగోలాలో పని చేసిన చైనా పనివారు పదునొకండుగురు ఆ జ్వరముతో స్వదేశము చేరిరి. ఆసియా ఖండము భయపడినది అందుకే.

కావున ఆ దేశములనుండి సర్టిఫికెటు లేక వచ్చువారిని మన విమానాశ్రయముల అధికారులు ఆఱు దినముల వఱకు వేఱుగా నుంచుదురు. వ్యాధి బయటపడుటకు సామాన్యముగా మూడు మొదలు ఆఱు దినములు పట్టును గనుక ఆ గడువు. ఈ టీకా ప్రతి ఆస్పత్రిలోను దొరకదు. ప్రభుత్వాధికారము పొందిన కేంద్రములలోనే వేయుదురు. మనకు సమీపమైనది హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. ఏయే దినములలో వేయుదురో ముందుగా తెలిసికొని, పాసుపోర్టు వెంట గొనిపోవలెను. అక్కడ ఇచ్చు పసుపుపచ్చని చిన్న పుస్తకమే సర్టిఫికెటు. పూర్వము అది పదేండ్లు మాత్రమే చెల్లెడిది. 2016 జులై 11 నుండి జీవితాంతము చెల్లుచున్నది.

ఎవరెవరికి ఏయే టీకాలు?

హజ్ యాత్రికులకు మెదడుపొరల వాపు జ్వరమునకు సంబంధించిన నాలుగు తెగల టీకా తప్పనిసరి. సౌదీ దేశము చేరుటకు పది దినములకు తక్కువ కాకుండ ముందుగా అది పడవలెను. 2000వ సంవత్సరపు యాత్రలో ఈ వ్యాధి లేచి, తిరిగిపోవు యాత్రికుల వెంట పలు దేశములకు వ్యాపించెను. ఆ యనుభవమువలననే నాలుగు తెగల టీకాను నిర్బంధము చేసిరి. ముదుసలులు ఇన్‌ఫ్లుయెంజా టీకాయు వేసికొనుట మేలు.

గల్ఫు దేశములకు పనికై పోవువారు మన జిల్లాలో మెండు. వైద్యపరీక్షలో నెగ్గితిమి గనుక టీకాలతో పని లేదని వారనుకొందురు. పరీక్ష వేఱు, రక్షణ వేఱు. ఒక గదిలో ఎనిమిదిమంది పండుకొని, ఒక వంటశాలలో వందలమంది భుజించు చోట టైఫాయిడు, పచ్చకామెర్లు సులభముగా వ్యాపించును. ఇనుప చువ్వల నడుమ పని చేయువానికి గాయములు తప్పవు. ధనుర్వాతపు టీకా పడి పదేండ్లు దాటినచో మరల వేయించుకొనవలెను. హెపటైటిసు-బి సంగతి మఱియు ముఖ్యము. రక్తములో ఆ క్రిమి కనబడినచో గల్ఫు వైద్యపరీక్షలో అనర్హుడని త్రోసివేయుదురు. ఆరోగ్యముతో పాటు జీవనాధారమును పోవును. ఆ టీకా మూడు మోతాదులు. మొదటి దానికి నెల తరువాత రెండవది, ఆఱు నెలలకు మూడవది. ఒకప్పుడు విదేశమునుండి వచ్చిన ఈ టీకా వెల పేదలకు అందరానిదై యుండెను. హైదరాబాదులో వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్సు సంస్థ 1997లో దానిని ఇక్కడనే తయారుచేసి చవుక చేసినది. టైఫాయిడునకును భారత్ బయోటెక్ అను హైదరాబాదు సంస్థ తయారుచేసిన టీకా కలదు. మన పెరటి చెట్టు మందునే మనము వాడకుండుట న్యాయమా?

అమెరికాకు చదువుకై పోవువారిని అక్కడి కళాశాలలు పెక్కు, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూటికి కలిపిన టీకా రెండు మోతాదులు పడినట్లు నిదర్శనము అడుగును. కొన్ని మెదడుపొరల వాపు, కంఠసర్పి, ధనుర్వాతము, కోరింతదగ్గు, ఆటలమ్మ టీకాలను గూర్చియు అడుగును. ఇరువదేండ్ల క్రిందటి చిన్ననాటి చీటీ ఏ తల్లి దాచియుంచినది? లేనిచో మరల వేయించుకొనవలెను; రెండు మోతాదుల నడుమ నాలుగు వారములు గడువవలెను. తల్లులారా, బిడ్డ టీకాల కార్డును పట్టా పాసుపుస్తకముతో పాటు పెట్టెలో దాచుడు. ఒకనాడు అదియు అంత విలువ చేయును.

కాగితము విలువకు మరియొక నిదర్శనము: 2021లో కోవాక్సిను వేసికొన్న మనవారు కొందఱు, టీకా పడియు, కొన్ని దేశములలో ప్రవేశము దొరకక నిలిచిపోయిరి. ఆ సంవత్సరము నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని అంగీకరించిన తరువాతనే చాలచోట్ల త్రోవ తెఱువబడెను. కావున పోవు దేశము ఏ టీకాను అంగీకరించుచున్నదో, నియమములు ఈ మధ్య మాఱినవేమో, ప్రతి ప్రయాణమునకు ముందును విచారింపవలెను.

మఱచిపోవు ప్రయాణికులు ఇంకొకరు కలరు. పరదేశమున పుట్టిన మన మనుమలు, మనుమరాండ్రు వేసవి సెలవులకు తాతగారింటికి వత్తురు. మాకు సరిపడిన నీరు వారికి సరిపడదా యని అవ్వ అడుగును. సరిపడకపోవచ్చును. బాల్యమునుండి ఈ నేల క్రిములతో వారికి పరిచయము లేదు. వారి తలిదండ్రులకు సైతము చిన్ననాటి రక్షణ యంతయు నిలిచియుండదు. వచ్చుటకు ముందే టైఫాయిడు, హెపటైటిసు-ఎ టీకాలను గూర్చి అక్కడి వైద్యునడుగుమని పెద్దలు వారికి తెలుపవలెను.

సందేహములు

టీకా వేసిన పిదప జ్వరము వచ్చునని కొందఱు వెఱతురు. ఒకటి రెండు దినములు చేయి నొచ్చుట, ఒడలు వెచ్చబడుట సామాన్యమే. రష్యా సామ్రాజ్యమున పుట్టిన హాఫ్కిను అను శాస్త్రజ్ఞుడు బొంబాయిలో మహమ్మారికి టీకా చేసి, 1897 జనవరి 10న మొదట తన దేహమునకే యెక్కించుకొనెను; జ్వరము వచ్చినది, తగ్గినది, ఆయన పనికి లేచెను. అయితే 1902లో పంజాబులోని మల్కోవాలు గ్రామమున ఒక సీసాలోని మందు అపరిశుభ్రమై, దానిని వేసికొన్న 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. దానినుండి మనము నేర్వవలసినది టీకా మానుమని కాదు. శుభ్రమైన చోట, అర్హుల చేతనే వేయించుకొనుమని.

అందఱికిని అన్ని టీకాలును తగవు. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించు మందులు వాడువారు, కోడిగ్రుడ్డు సరిపడనివారు, అఱువది యేండ్లు నిండినవారు, తొమ్మిది నెలల లోపు శిశువులు పచ్చజ్వరపు టీకా విషయమున ముందుగా వైద్యునితో మాటలాడవలెను.

టీకాతో సర్వము తీరదు. మలేరియా దోమలవలన వచ్చునని 1897 ఆగస్టు 20న రొనాల్డు రాసు మన సికింద్రాబాదులోనే కనుగొనెను. అయినను పెద్దవారగు ప్రయాణికులు నేటికిని మాత్రలను, దోమతెరను నమ్ముకొనవలసినదే.

చేయవలసిన క్రమము

ఒకటి: ప్రయాణము నిశ్చయమైన నాడే, తక్కువపక్షము ఆఱు వారములు ముందుగా, వైద్యుని చూడవలెను. పోవు దేశము, నడుమ దిగు దేశములు, చేయు పని, ఉండు కాలము ఆయనకు చెప్పవలెను.

రెండు: ఇదివఱకు పడిన టీకాల చీటీలన్నియు వెంట నుంచుకొనవలెను.

మూడు: పచ్చజ్వరము, తట్టు వంటి సజీవ టీకాల విషయమున వాని నడుమ నుండవలసిన కాలమును వైద్యుడే నిర్ణయించును, కావున ఒక టీకా వేసికొన్న సంగతి మరియొకచోట దాచరాదు.

నాలుగు: సర్టిఫికెటులోని పేరు, పుట్టిన తేదీ, పాసుపోర్టు అంకె సరిగా నున్నవో లేవో అక్కడనే చూచుకొనవలెను.

ఐదు: సూది లేకయే సర్టిఫికెటు ఇప్పింతునని ఎవడైనను చెప్పినచో, వాని గుమ్మము త్రొక్కరాదు. అట్టి కాగితము అధికారిని మోసగింపవచ్చును, దోమను మోసగింపజాలదు.

విద్యార్థులారా, మీలో అనేకులు ఒకనాడు విమాన మెక్కుదురు. మన పట్టణమున 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయమును గట్టించిన పాస్నెట్టుగారును సముద్రము దాటి వచ్చినవారే. దూరదేశము పోవుట మంచిది. మంచిని గొనిపోయి మంచిని దెచ్చుట ఇంకను మంచిది. పొరుగువాని ప్రేమింపవలెనని మనము ప్రతిదినము ప్రార్థనవేళ వినుచున్నాము. మీరు చేరు దేశములోని పసిబిడ్డయు మీ పొరుగువాడే. మీరు తిరిగివచ్చునప్పుడు గుమ్మమున ఎదురుచూచు అవ్వయు మీ పొరుగే. నేటి సాయంకాలము ఇంటికి పోయి, మీ టీకాల కార్డు ఎక్కడనున్నదో మీ తల్లినడుగుడు. ప్రయాణ సన్నాహము అక్కడనే మొదలగును గాక.